రానన్న అమ్మాయి

మా ఆయన యదుల్లా గుడారానికి చోటు వెతికినంత శ్రద్ధగా పెళ్లికూతుర్ని వెతికి ఉంటే, ఈ పాటికి నేను మా ఊరు తబ్రీజ్‌లో ఏ ఎండుద్రాక్షల కొట్టు ఆసామికో భార్యనై హాయిగా ఉండేదాన్ని. నీళ్లు దగ్గరుండాలి, నీళ్ల చప్పుడు వినపడకూడదు. చెట్టు నీడ కావాలి, చెట్టు మీద పిట్టలుండకూడదు. మరుగుదొడ్డి కనపడాలి, వాసన రాకూడదు. పక్కన మర్యాదస్తుల కుటుంబం ఉండాలి, కానీ వాళ్లు పలకరించకూడదు. సరిహద్దు దాటి టర్కీలో అడుగుపెట్టి పదకొండు రోజులైంది. అలాంటి చోటు ఈ దేశంలోనూ లేదు. అది లేదని రూఢి అయ్యేదాకా, ప్రతి సాయంత్రమూ రెండు గంటలు, మా పాత పెజో కారులో నేనూ, నా ఒళ్లో టీ కాచే సమోవారూ ఊరంతా ఊరేగుతాం. పెళ్లిరోజున కూడా నన్నింత తిప్పలేదు.

కిందటి వారం ఈ శీర్షికలో మిమ్మల్ని అహ్లాత్ శ్మశానంలో ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాను. ఏమీ అనుకోకండి, నేనూ అక్కడే నిలబడి ఉన్నాను. మనిషికి రెండింతల ఎత్తు సమాధి రాళ్లు, ఎనిమిది వందల ఏళ్ల నాటివి, చుట్టూ వంగిపోయి ఉన్నాయి. తవ్వకాల టోపీ పెట్టుకున్న డెబ్భై ఏళ్ల ఆవిడ, నెర్మిన్ ఖానుం, నా పేరు వినగానే కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

“తబ్రీజ్ సొల్మాజ్‌వా? ఆనాడు రానన్న అమ్మాయివి నువ్వేనా?” అంది.

“ఎక్కడికి రానన్నానండీ?” అన్నాను.

“ఇక్కడికే. నిన్ను మా తవ్వకాల జట్టులోకి రమ్మని ఫోన్ చేశాం కదా. నీకు వీలుపడదని మీ ఆయన చెప్పారు.”

అంతలో తవ్వుతున్న గుంట దగ్గర్నుంచి ఎవరో కేకేశారు. “సాయంత్రం టీకి మీ గుడారానికి వస్తాను, ఎక్కడున్నా కనుక్కుంటాను,” అంటూ ఆవిడ వెళ్లిపోయింది. నేను పక్కకి తిరిగి చూసేసరికి యదుల్లా వంగి బూటు తాళ్లు కట్టుకుంటున్నాడు. ఆయన వేసుకున్నవి తాళ్లు లేని బూట్లు.

సరే. అక్కడినుంచి మేమిద్దరం మాటా పలుకూ లేకుండా వాన్ సరస్సు ఒడ్డుకి వచ్చాం. ఆ రోజు గుడారానికి చోటు నాలుగు నిమిషాల్లో దొరికింది. పాప్లర్ చెట్లు, వాటి నిండా పిట్టలు. పక్కనే నీళ్ల చప్పుడు. రెండు బారల దూరంలో పలకరించే కుటుంబం. యదుల్లా ఒక్క వంకా పెట్టలేదు. మేకులు దిగ్గొట్టాడు, తివాచీ పరిచాడు, నేను చెప్పకుండానే సమోవారు అంటించాడు. ముప్ఫయ్యేళ్లు నీటిపారుదల ఆఫీసులో కాలవలు కొలిచి, కిందటి వసంతంలో రిటైరైన మనిషి. మా కాపురంలో ఏనాడూ చెప్పకుండా ఒక్క పనీ చేసిన పాపాన పోలేదు.

నేను మాసిన చొక్కాలు పట్టుకుని నీళ్ల దగ్గరికి వెళ్లాను. ఈ సరస్సు నీళ్లు వింతవి, సబ్బు అక్కర్లేదు. రెండుసార్లు జాడిస్తే బట్ట తెల్లబడుతుంది. చొక్కాలు జాడిస్తూ లెక్క వేసుకున్నాను. ఇరవయ్యేడేళ్లు.

అప్పటికి మా పెళ్లయి మూడు నెలలు. వాళ్ల నాన్నగారి గుడారం కారు మీద కట్టుకుని ఇదే దారిన వచ్చాం. నేను పాత శాసనాల లిపి చదువుకుని, పట్టా పుచ్చుకుని, ఆ పట్టాకి చట్రం కట్టించి, దాన్ని ఏ గోడకి తగిలించాలో తెలియక మంచం కింద పెట్టుకున్న రోజులు. అహ్లాత్ శ్మశానంలో పడిపోయిన రాయొకటుంది. దాని మీద అక్షరాలు అరిగిపోయి, పాచిపట్టి, అక్కడ తవ్వుతున్న జట్టులో ఎవరికీ అంతుపట్టడంలేదు. నా చేతిసంచీలో పెళ్లి సామాన్లలో వచ్చిన చేతి అద్దం ఉంది. దాంతో ఎండని రాయి మీదికి అడ్డంగా పడేలా తిప్పాను. అరిగిన గీతల్లో నీడ నిలిచింది. ఒక్కో అక్షరం లేచి కూర్చుంది. అది ఎవరో రాళ్లు చెక్కే ఉస్తాదు సమాధి. జీవితమంతా ఇతరుల పేర్లు చెక్కినవాడి పేరు, ఇన్నాళ్లకి, నేను పైకి చదివాను. అప్పుడు ఆ జట్టులో పనిచేస్తున్న నెర్మిన్ ఖానుం నన్ను కౌగలించుకుని, వచ్చే ఏడు నీకు కబురు పెడతాను, ఫోన్ నంబరియ్యి, అంది. మా ఇంట్లో అప్పటికి ఫోన్ లేదు. యదుల్లా ఆఫీసు నంబరు రాసిచ్చాను.

మరుసటి ఏడాది వేసవి గడిచింది. శరత్కాలంలో ఒకరోజు యదుల్లా ఇంటికొచ్చి కోటు విప్పుతూ, “ఆ అహ్లాత్ వాళ్లు వేరే ఎవర్నో తీసుకున్నారట,” అన్నాడు. నేను కారణం అడగలేదు. నేను చదివింది తప్పయి ఉంటుందని నాకు నేనే తేల్చుకున్నాను. ఉస్తాదు పేరు కాదేమో, పాచి మరకని చూసి పేరనుకున్నానేమో. పుస్తకాలు పక్కింటి అమ్మాయికిచ్చేశాను. రాళ్ల మీద అద్ది అక్షరాలు దింపుకున్న కాగితాలు గట్టివి, బాగా మన్నుతాయి. వాటిని ఊరగాయ జాడీల కింద పరిచాను. వంకాయల జాడీ కింద ఉన్నది పోయినేడు కూడా చూశాను, చెక్కుచెదరలేదు.

చొక్కాలు పిండి తాడు మీద వేసి, తివాచీ దగ్గరికి వచ్చాను.

“యదుల్లా గారూ, తమరు కాస్త ఇటు దయచేస్తారా?”

ఆయన చేతిలో చక్కెర డబ్బా ఆగిపోయింది. మా ఇంట్లో ‘గారూ’, ‘తమరు’ వచ్చాయంటే వెనకాల ఏం వస్తుందో ఆయనకి తెలుసు. ఆ పిలుపు చివరిసారి మా తమ్ముడి పెళ్లిలో వచ్చింది. అప్పుడు ఆయన మూడు వారాలు తన చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

“వాళ్లు ఫోన్ చేశారా?” అన్నాను.

“ఎప్పుడు?”

“ఎవరని అడగలేదు, ఎప్పుడని అడిగారు. అంటే చేశారన్నమాట.”

“సొల్మాజ్, కూర్చో. టీ పోస్తాను.”

“నిలబడే వింటాను. చెవులకి ఎలాగైనా వినిపిస్తుంది.”

ఆయన టీ పోశాడు. నాకు పోసి, తనకి పోసుకుని, రెండూ అక్కడే పెట్టేశాడు.

“చేశారు,” అన్నాడు. “ఆఫీసుకి. బల్ల చుట్టూ జనం. ఫలానా అహ్లాత్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ఆవిడని పంపుతారా, రెండు వేసవులు, ఉండడానికి గది ఇస్తాం అన్నారు. నేనేమనాలి? సరే, బస్సెక్కించేస్తాను అనాలా? మొదటిమాటకే మీదపడిపోతారా ఎవరైనా? మీకెందుకండీ శ్రమ, ఆవిడకి వీలుపడదేమో, ఇంటిపనులవీ ఉంటాయి, అన్నాను. మాటవరసకి.”

“మాటవరసకి.”

“అందరూ అనేదేగా. ఎదుటివాళ్లు రెండోసారి అడగాలి, మనం నసగాలి, మూడోసారి అడిగాక, మీరింతగా అంటుంటే కాదనలేం అని ఒప్పుకోవాలి. నువ్వు మాత్రం మా అక్కయ్య వాళ్లింట్లో మొదటిసారికే భోజనానికి కూర్చున్నావా ఎప్పుడైనా?”

కూర్చోలేదు. ఆకలితో కళ్లు తిరుగుతున్నా కూర్చోలేదు. మాలో కాదనడం గుమ్మం ముందు చెప్పులు విడవడం లాంటిది. లోపలికి వెళ్లాలంటే ముందు అది చెయ్యాలి.

“మరి వాళ్లో?”

“సరే, మీ ఇష్టం అని పెట్టేశారు.” యదుల్లా అరచేతులు చూపించాడు. “టర్కీ వాళ్లకి మన మొహమాటాలేం తెలుస్తాయి? కాదంటే కాదనే అనుకున్నారు.”

“మళ్లీ నువ్వు చెయ్యొచ్చుగా.” కోపంలో ‘తమరు’ జారిపోయి ‘నువ్వు’ వచ్చేసింది. నాకు నామీదే చిరాకేసింది.

“చేసి ఏమనను? మీరు మళ్లీ అడగలేదేంటి, ఒకసారి అడగండి, నేను కాదంటాను, తర్వాత ఇంకోసారి అడగండి అనా?”

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు నవ్వొచ్చింది. నవ్వుని గొంతులోనే నొక్కేసి, మొహం గంటుపెట్టుకున్నాను.

“వేరే ఎవర్నో తీసుకున్నారని ఎందుకు చెప్పావు?”

ఆయన నీళ్ల వైపు తిరిగాడు. సరస్సు పక్కన సూఫాన్ కొండ మీద మంచు ఎండకి మెరుస్తోంది.

“రెండు వారాలు ఎదురుచూశాను,” అన్నాడు. “మళ్లీ చేస్తారని. టీ తాగడానికి కూడా బల్ల దగ్గర్నుంచి లేవలేదు. సాయంత్రం అందరూ వెళ్లిపోయినా కూర్చునేవాణ్ణి. రాలేదు. నా నోటి దురద వల్ల పోయిందని నీతో ఎలా చెప్పను? నువ్వప్పటికే వెళ్లడానికని ఆ అద్దం తుడిచి సంచీలో పెట్టుకున్నావు.”

ఆ రెండు వారాలూ నాకు గుర్తున్నాయి. ఆయన రోజూ పొద్దుపోయాక వచ్చేవాడు. అన్నం చల్లారిపోయేది. పని ఎక్కువగా ఉంది అనేవాడు. మొహం పీక్కుపోయి ఉండేది. పైఅధికారితో ఏదో గొడవని నేను అనుకున్నాను. పోనీ పాపం, ఇంత మనిషి, ఆ ఇనప బల్ల ముందు, మోగని ఫోను పక్కన, చీకటి పడేదాకా కూర్చున్నాడా? నా కోసం?

ఇరవయ్యారేళ్లు తప్పు నాదే అనుకున్నాను. నాది కాదట, ఆయనదీ కాదట, మా ఊరి మర్యాదదట. మర్యాదతో ఎవరు పోట్లాడతారు? నేను తివాచీ మీద కూర్చుని, చల్లారిన టీ పారబోసి, ఇద్దరికీ మళ్లీ వేడిగా పోశాను. ఆయన గ్లాసు పక్కన రెండు చక్కెర పలుకులు పెట్టాను. ఆయన వాటికేసి చూశాడు. తీసుకోలేదు.

“తాగు,” అన్నాను.

“నువ్వు ముందు.”

“నువ్వు.”

“లేదు, నువ్వే.”

“ఇదిగో, ఇందుకే మునిగాం,” అన్నాను. ఆయన నవ్వలేదు. అలసిపోయాడనుకున్నాను.

అయిదు గంటలకి నెర్మిన్ ఖానుం వచ్చింది. కారు రోడ్డు మీదే ఆపి, గోనెసంచీలో చెర్రీలు పట్టుకుని, గట్టు దిగి నడిచి వచ్చింది. మోకాళ్లు సహకరించక తివాచీ మీద కూలబడినట్టు కూర్చుంది. యదుల్లా లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, దిండు తెచ్చాడు, ఇంకో దిండు తెచ్చాడు. నేను రొట్టె, జున్ను, ఆకుకూరలు వేసి చేసిన అట్టు ముందు పెట్టాను. ఆవిడ మొదటిమాటకే తీసుకుని తినడం మొదలుపెట్టింది. నాకు ముచ్చటేసింది.

“ఆ ఉస్తాదు రాయి ఇప్పుడు నిలబెట్టాం, చూశావా?” అంది.

“చూశానండీ.” చూశాను కానీ దగ్గరికి వెళ్లలేదు. నా భయం నాది. “అసలు నేను చదివింది సరైనదేనాండీ?”

ఆవిడ నమలడం ఆపింది. “సరైనదా ఏమిటి? ఆ పేరు మీదే కదా ఆ వరసలో ఇంకో అయిదు రాళ్లు పోల్చాం. అన్నీ ఆ ఉస్తాదు చేతివే. నీకు తెలియదా?”

తెలియదు. అయిదు రాళ్లు. నేను అట్టు పళ్లెం అటునుంచి ఇటు జరిపాను.

“విను, అమ్మాయీ. దీనికోసమే వచ్చాను,” అంది ఆవిడ. యాభై దాటిన నన్ను అమ్మాయీ అనేవాళ్లు ఇంకా భూమ్మీద ఉన్నందుకు సంతోషించాను. “తూర్పు వైపు ఈ వసంతంలో పదకొండు రాళ్లు బయటపడ్డాయి. బోర్లా పడి ఉన్నాయి, మట్టిలో. ఫొటోలు తీసి పెద్దవి చేసి చూస్తున్నారు మా పిల్లలు, తలనొప్పి తప్ప ఏమీ రావడంలేదు. ఈ వేసవితో నేను దిగిపోతున్నాను. నా తర్వాత వచ్చేవాళ్లు ఎవర్ని రానిస్తారో, ఎవర్ని రానివ్వరో. ఆరు వారాలు ఉండిపో. గది ఉంది, వంటమనిషి ఉంది. నువ్వు చదువు, నేను రాసుకుంటాను.”

పదకొండు రాళ్లు. ఎవరూ ఇంకా పైకి పలకని పదకొండు పేర్లు.

“అయ్యో, మీకెందుకండీ శ్రమ,” అంది నా నోరు. “నావల్ల ఏమవుతుంది ఇప్పుడు? చత్వారం కూడా వచ్చింది. మీ దగ్గర చదువుకున్న పిల్లలున్నారుగా.”

నా నోరు నన్నడగలేదు. ఇందాక ఏ మొహమాటం పేరు చెప్పి మొగుణ్ణి ఉతికి ఆరేశానో, అది నా నాలిక మీదనుంచే, బెల్లప్పాకంలా, అడ్డూ ఆపూ లేకుండా జారిపోయింది. అయిపోయింది అనుకున్నాను. ఈవిడ ‘సరే, నీ ఇష్టం’ అని లేచి వెళ్లిపోతుంది. ఇంతకుముందు వెళ్లిపోయినట్టే.

నెర్మిన్ ఖానుం చెర్రీ గింజ అరచేతిలో ఊసి, నవ్వింది.

“ఇది ఒకటోసారి,” అంది.

“ఏమిటండీ?”

“మా అమ్మమ్మది మీవైపే, ఖోయ్ ఊరు. ఆవిడ ముద్ద తినాలంటే మూడుసార్లు బతిమాలాలి. రెండుసార్లకే ఊరుకుంటే ఆకలితో పడుకుని, తెల్లారి మమ్మల్ని తిట్టేది. మీవాళ్లని ఒక్కసారి అడిగి ఊరుకునేంత తెలివితక్కువదాన్ని కాదు. అప్పుడు కూడా మూడుసార్లూ పద్ధతిగా అడిగాను కదా.”

“మూడుసార్లా?” అన్నాను.

“మూడుసార్లే. జూలైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, సెప్టెంబర్లో ఒకటి. నాకు బాగా గుర్తు. మూడోసారి నేను పోస్టాఫీసుకి వెళ్లి వరసలో నిలబడి చేశాను. మీరు కూడా రండి, మాకు కొలతలు తీసేవాళ్లు కావాలి, భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే గది ఇస్తాం అని మీ ఆయనతో చెప్పాను.” ఆవిడ యదుల్లా వైపు తిరిగింది. “గుర్తుందా, యదుల్లా గారూ? లైను సరిగా లేదు. నేను అరుస్తుంటే వెనకాలవాళ్లు విసుక్కున్నారు.”

యదుల్లా సమోవారు కుళాయి వైపు చూస్తున్నాడు. అది సరిగా కట్టెయ్యక చుక్కలు పడుతున్నాయి. ఆయన చెయ్యి దాని దగ్గరికి వెళ్లలేదు.

నాకు ఆ ఇనప బల్ల గుర్తొచ్చింది. మోగని ఫోను గుర్తొచ్చింది. గంటన్నర క్రితం నేను మనసులో కూర్చోబెట్టుకుని జాలిపడ్డ ఆ మనిషి, చీకట్లో నా కోసం ఎదురుచూసిన ఆ కుర్రాడు, లేచి మెల్లగా బయటికి నడిచి వెళ్లిపోయాడు. అలాంటివాడు ఎప్పుడూ లేడు. ఇంటికి ఆలస్యంగా వచ్చింది నా మొహం చూడలేకేనేమో. ఆ ఆలస్యం ఒక్కటే నిజం.

నెర్మిన్ ఖానుం నా మొహమూ చూసింది, ఆయన మొహమూ చూసింది. ఆవిడ జీవితమంతా అరిగిపోయినవి చదివిన మనిషి. చేతిలో గింజలు ఒక్కొక్కటే పళ్లెంలో పెట్టింది.

“సరే,” అంది, ఈసారి నెమ్మదిగా. “రెండోసారి అడుగుతున్నాను, సొల్మాజ్. ఉండిపో. జట్టు పేర్ల జాబితా రేపు ఎనిమిదింటికి పంపాలి. మూడోసారి రేపు పొద్దున తూర్పు గేటు దగ్గర అడుగుతాను. నాలుగోసారి అడగడం మా అమ్మమ్మ నేర్పలేదు.”

ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి లేవబోయింది. నేను సాయం పట్టాలి. లేవలేకపోయాను. రెండోసారికి నసగాలని నాకు బాగా తెలుసు. నసగడం మర్చిపోయాను.

“కూర్చోండి, ఖానుం,” అన్నాడు యదుల్లా.

ఆయన గొంతు మామూలుగానే ఉంది. కాలవ లోతు చెప్పే గొంతు. పక్క గుడారంవాళ్లు ఇటు చూస్తున్నారు, ఆయన వాళ్లని పట్టించుకోలేదు. చెప్పుకోవలసింది ఒంటరిగా నాతో చెప్పుకోవచ్చు, రాత్రికో రేపటికో వాయిదా వెయ్యొచ్చు. పరాయి మనిషి ఎదుట పరువు విప్పి పెట్టేవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. నేనే ఆపబోయాను. చూడండి, అప్పుడు కూడా.

“ఈవిడకి మీరు ఫోన్ చేసిన సంగతే తెలియదు,” అన్నాడు. “ఒక్క ఫోనూ తెలియదు. ఇవాళ మధ్యాహ్నం అడిగితే ఒక్కసారే చేశారని చెప్పాను. మీకు మా పద్ధతులు తెలియవని, రెండు వారాలు ఎదురుచూశానని చెప్పాను. అది కూడా అబద్ధమే. ఆ రెండు వారాలూ మీరు మళ్లీ చెయ్యకూడదని మొక్కుకున్నాను.”

నెర్మిన్ ఖానుం మళ్లీ తివాచీ మీద కూర్చుంది.

“ఆ మొదటి ఏడు ఆ రాయి దగ్గర,” ఆయన ఇప్పుడు నావైపు తిరిగాడు, “నాలుగు గంటలు కూర్చున్నావు. నేను రొట్టె పట్టుకుని వెనకాల నిలబడ్డాను. పిలిచాను. తిరిగి, ‘ఎవరు?’ అన్నావు. నీకు గుర్తుండదు. ఎవరు అన్నావు. నీ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు, అది నన్ను చూసి వచ్చింది కాదు. నువ్వు వెళ్లిపోతావని నా భయం కాదు, సొల్మాజ్. వెళ్లి, తిరిగి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఆ మొహంతో నన్ను మళ్లీ ఎవరు అని చూస్తావని.”

తాడు మీద చొక్కాలు గాలికి కొట్టుకుంటున్నాయి.

“మూడుసార్లూ నేనే వద్దన్నాను. మూడోసారి నాకూ కలిపి చోటిచ్చారు, అప్పుడూ వద్దన్నాను. అది మర్యాద కాదు, మొహమాటం కాదు. తప్పు చేశాను. నేను చేసింది తప్పు.”